మన పిల్లల కొలువులు: జాబరు గది మారిన రాత్రి

పోయిన నెల మార్కండేయ మందిరం మెట్ల దగ్గర ఒక వదినె నన్ను ఆపింది. ఆమె కొడుకు పూణేలో కంప్యూటర్ కంపెనీలో పని చేస్తడు.

"మా పోరడు శనివారం వస్తనంటడు, సాయంత్రానికి ఫోన్ చేసి రానంటడు. ఏందిరా అంటే వీసెంటర్ మైగ్రేషన్ ఉన్నదంటడు. మైగ్రేషన్ అంటే వలస గాదా? వలస వచ్చినోళ్లం మనం. కంప్యూటర్‌కు వలసేంది, దానికి రాత్రంత మేలుకునుడేంది? నువ్వు గూడ అదే పని గదా, జర నాకు సమజయ్యేటట్టు చెప్పు" అన్నది.

మెట్ల మీద నిలబడి చెప్పేది కాదు. "వచ్చే నెల పత్రికలో రాస్త వదినె" అని మాటిచ్చి వచ్చాను. ఆమె ఒక్కతే కాదు, మన షోలాపూర్‌లో, భివండిలో, ముంబైలో ఇట్లా అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. మగ్గం పని అయితే కండ్ల ముందు గుడ్డ కనిపిస్తుంది. మన పిల్లలు చేసే ఈ పనిలో కనిపించేది ఏమీ లేదు. అందుకని ఈ నెల ఆ వలస కథే. 2022 సెప్టెంబరులో నేను స్వయంగా చేసిన పని కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పగలను.

ముందు ఆ పెట్టెల సంగతి చెప్పాలె.

మా నాయిన 23 ఏండ్లు మిల్లులో సాంచా ఖాతాల పని చేసిండు, చివరికి జాబరు అయ్యిండు. ఆయన చేరిన కొత్తలో పాత షెడ్డులో ఇంకా లైన్ షాఫ్టు ఉండేదట. ఒక్క ఇంజను, పైకప్పు కింద పొడుగు షాఫ్టు, దాని నుంచి ఒక్కో మగ్గానికి ఒక్కో పట్టా దిగుతుంది. బలం ఒక్కటే, మగ్గాలు మాత్రం చాలా. ఒకదాని మీద ధోతి, ఒకదాని మీద చాదర. ఒక మగ్గం పోగు తెగి ఆగితే పక్క మగ్గానికి తెలియదు కూడా.

ఇప్పటి సర్వర్ గది అచ్చం అట్లనే ఉంటుంది. సర్వర్ అంటే బలమైన పెద్ద కంప్యూటర్. దాని బలాన్ని పంచి, ఒక్క పెట్టె లోపల పది ఇరవై కంప్యూటర్లు ఉన్నట్టు నడిపిస్తారు. ఆ లోపలి కంప్యూటర్లనే వర్చువల్ మెషీన్లు అంటారు. ఒకదాంట్లో హాజరీ, ఒకదాంట్లో పగార్ల లెక్క, ఒకదాంట్లో పత్తి బేళ్ల స్టాకు. ఒకటి చెడితే పక్కది ఆగదు. ఇది నిన్న మొన్నటి ఉపాయం కాదు, ఐబీఎం కంపెనీ తన పెద్ద యంత్రాల కోసం 1972 లోనే వీఎం/370 అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. మామూలు సర్వర్ల మీద దీన్ని ఊరూరా పరిచింది 1998 లో మొదలైన వీఎంవేర్. పెట్టె బలాన్ని పంచే వాళ్ల సాఫ్ట్‌వేర్ పేరు ఈఎస్ఎక్స్‌ఐ. మన లెక్కలో అది షాఫ్టూ పట్టాలూ.

మరి ఇన్ని మగ్గాలను చూసుకునే జాబరు ఎవరు? దాని పేరే వీసెంటర్. 2003 లో వర్చువల్ సెంటర్ అనే పేరుతో వచ్చింది. ఏ సర్వర్ మీద ఏ మెషీన్ ఉంది, దేనికి ఎంత బలం ఇచ్చినం, ఎవరికి ఏ గదిలోకి పోయే హక్కు ఉంది, ఎవరు ఏ రోజు ఏం మార్చిండ్రు, అన్నీ దాని పుస్తకంలో ఉంటాయి. నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండానే ఒక సర్వర్ మీది నుంచి ఇంకో సర్వర్ మీదికి మార్చేది కూడా అదే.

జాబరు చాయ తాగడానికి పోతే మగ్గాలు ఆగుతాయా? ఆగవు. వీసెంటర్ ఆగినా అంతే, వర్చువల్ మెషీన్లు నడుస్తూనే ఉంటాయి. ఒక సర్వర్ కూలితే దాని మీది మెషీన్లను పక్క సర్వర్ మీద మళ్లీ లేపే ఏర్పాటు ముందే చేసి పెట్టుకుంటే, ఆ పని కూడా సర్వర్లు తమలో తాము చూసుకుంటాయి. కానీ ఉన్న మగ్గాన్ని నడుస్తుండగా పక్కకు జరపాలంటే జాబరు రావాల్సిందే. ఒకటి రెండు రోజులంటే నడుస్తుంది గాని, నెలల తరబడి జాబరు లేని ఖాతా ఎట్లుంటదో మిల్లు ఇండ్లల్ల పుట్టినోళ్లకు చెప్పాల్సిన పని లేదు.

మేం చేసిన వలస ఈ జాబరుదే. నేను పని చేసేది ఒక నూలు మిల్లు ఆఫీసులో. మూడు సర్వర్లు, వాటి మీద 22 వర్చువల్ మెషీన్లు. వీసెంటర్ మాత్రం విడిగా ఒక పాత విండోస్ పెట్టె మీద ఉండేది. దాని ఫ్యాను చప్పుడు తలుపు బయటికే వినిపించేది.

మార్చక తప్పని కారణాలు రెండు. మా వెర్షన్ 6.5. దానికి కంపెనీ మామూలు సపోర్టు 2022 అక్టోబరు 15 తో ముగుస్తుంది. ఆ తర్వాత ఏదైనా కన్నం బయటపడితే పూడ్చేవాళ్లు ఉండరు. రెండోది, విండోస్ మీద నడిచే వీసెంటర్ 6.7 తోనే ఆఖరు. 2020 లో వచ్చిన 7.0 నుంచి అది సొంత లినక్స్‌తో కలిపి, మొత్తం ఒక వర్చువల్ మెషీన్‌గానే వస్తుంది. అంటే జాబరుకు ఇక వేరే గది లేదు, అతను కూడా షెడ్డులోనే కూర్చోవాలె. పాత ఇంట్లోంచి కొత్త ఇంట్లోకి సామాను మోసే సాధనం కూడా వాళ్లే ఇస్తారు.

పని చిన్నదే అనిపిస్తుంది. అయినా నెల రోజుల ముందు నుంచే నాకు సరిగా నిద్ర పట్టలేదు. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది.

నాయిన పని చేసిన మిల్లు మూతపడ్డప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. పీఎఫ్ డబ్బు కోసం ఆయన ఏడేండ్లు తిరిగిండు. మగ్గాలు ఎవరో కొనుక్కపోయిండ్రు, షెడ్డు రేకులు కూడా అమ్ముడుపోయినయి, కానీ నాలుగేండ్ల హాజరీ పుస్తకాలు దొరకలేదు. ఆఫీసు ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు మారినప్పుడు అవి ఎటు పోయినయో ఎవరికీ తెలియదు. ఉన్న పుస్తకాల్లో కూడా ఆయన ఇంటిపేరు ఒక చోట ఒక తీరుగ, ఇంకో చోట ఇంకో తీరుగ రాసి ఉంది. "నేను పని చేసిన అని నేనే సాక్ష్యం తేవాల్నట" అని ఆయన గడప మీద కూర్చొని అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అమ్మ ఆ ఏడేండ్లు బీడీలు చుట్టి ఇల్లు నడిపింది.

మా సర్వర్లలో ఉన్నది కూడా అదే, పనోళ్ల హాజరీ, పగారు, పీఎఫ్ లెక్క. వెయ్యి మందికన్న తక్కువ పనివాళ్లున్న చోట పగారు మరుసటి నెల 7 వ తేదీ దాటకుండా ఇవ్వాలని 1936 నాటి పగార్ల చట్టం చెప్పింది. మా ఆఫీసులో ఆ తేదీకి చాలా విలువ. అందుకే సెప్టెంబరు 7 న పగార్లు పడ్డ తర్వాత, గణపతి నిమజ్జనం మరునాడు, 10 వ తేదీ శనివారం రాత్రి ముహూర్తం పెట్టుకున్నం. ఏదన్నా తేడా వస్తే మళ్లీ 7 వ తేదీ లోపల సరిచేసుకునే సమయం ఉంటదని లెక్క.

అసలు పని ఒక్క రాత్రే అయినా తయారీకి మూడు వారాలు పట్టింది. వదినె కొడుకు కూడా ఇదే చేస్తుండవచ్చు కాబట్టి వరుసగా చెప్తాను.

మొదటిది, ఒక కాగితం మీద అన్నీ రాసుకోవడం. ఏ సర్వర్, ఏ మెషీన్, ఏ నెట్‌వర్క్, ఎవరికి ఏ హక్కు, వీసెంటర్‌తో మాట్లాడే ఇతర సాఫ్ట్‌వేర్లు ఏవి. కంప్యూటర్‌లోనే ఉంది కదా అనుకోవద్దు. ఆ కంప్యూటరే ఆగిపోయే రాత్రికి చేతిలో కాగితం ఉండాలె.

రెండోది, తాళంచెవి. వీసెంటర్‌కు అన్నింటికన్న పెద్ద అధికారి ఖాతా ఒకటి ఉంటుంది. దాని పాస్‌వర్డ్ లేకుండా వలస మొదలే కాదు. ఎన్నో ఏండ్లుగా మేం వేరే ఖాతాలతో లోపలికి పోతున్నాం కాబట్టి దాని అవసరం పడలేదు. అది పెట్టిన పెద్దమనిషి ఎప్పుడో రిటైర్ అయి ఊరికి పోయిండు. ఫోన్ చేస్తే ఆయన నవ్వి, "అమ్మా, నా మనుమరాలి పుట్టినరోజే నాకు యాది లేదు" అన్నడు. అదృష్టం కొద్దీ దీనికి దారి ఉంది. వీసెంటర్ ఉన్న పెట్టె మీదనే వీడీసీ అడ్మిన్ టూల్ అని ఒకటి ఉంటుంది, అది కొత్త పాస్‌వర్డ్ పుట్టించి ఇస్తుంది. దాన్ని మార్చి, రాసి, కవరులో పెట్టి సీలు వేసి, అకౌంట్స్ సాహెబు బీరువాలో పెట్టించాను.

మూడోది, పేరు. కంప్యూటర్ల లోకంలో ఒక పేరు చెప్తే దాని ఐపీ నంబరు చెప్పే పుస్తకం ఉంటుంది, దాన్ని డీఎన్ఎస్ అంటారు. పేరు నుంచి నంబరే కాదు, నంబరు నుంచి పేరు కూడా సరిగ్గా రావాలె. మా దగ్గర రెండోది అసలు రాసిలేదు. ఇంతకాలం ఎవరికీ అడ్డం రాలేదు గాని వలస రాత్రి అదే గోడయ్యేది. నాయిన ఇంటిపేరు రెండు తీర్లుగ ఉండి చేసిన నష్టం తెలిసినదాన్ని కాబట్టి, ఆ ఒక్క పంక్తి రాయడానికి నాకు ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

నాలుగోది, గడియారం. మూడు సర్వర్లలో ఒకటి ఆరు నిమిషాలు వెనక ఉంది. మనిషికి ఆరు నిమిషాలు లెక్క కాదు. కంప్యూటర్లు ఒకదాన్నొకటి నమ్మే పత్రాలకు మాత్రం తేదీ, సమయం ఉంటాయి, అవి కలవకపోతే నమ్మకం పోతుంది. అన్నింటినీ ఒకే గడియారానికి కట్టేసినం.

ఐదోది, వెనక్కి దారి. పాత పెట్టె మొత్తం నకలు వేరే డిస్క్ మీదికి తీసినం. కొత్తది నిలబడకపోతే ఏం చేయాలో కూడా రాసుకున్నం. కొత్తదాన్ని ఆపాలె, పాతదాన్ని లేపాలె, అంతే. అందులో ఒక మెలిక ఉంది. వలస తర్వాత పాత విండోస్ పెట్టె ఆఫీసు డొమైన్ నుంచి బయట పడవచ్చు. అప్పుడు ఆఫీసు ఖాతాలతో దాంట్లోకి పోలేము. అందుకని ఆ పెట్టె సొంత ఖాతా పాస్‌వర్డ్ ముందే పనిచేస్తుందో లేదో చూసుకోవాలె. ఇంటి తాళం వేసేముందు చెవి చేతిలో ఉందో లేదో చూసుకున్నట్టు.

ఇక ఆ రాత్రి. నాతో పాటు హార్డ్‌వేర్ చూసే ఒక మరాఠీ తమ్ముడు ఉన్నాడు. ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పల్లీల చట్నీ కట్టుకొచ్చిండు. తొమ్మిదిన్నరకు ఆఖరి నకలు అయిపోయింది.

పాత పెట్టె మీద మైగ్రేషన్ అసిస్టెంట్ అనే చిన్న సాధనం నడపాలె. అది ముందు అన్నీ తనిఖీ చేసుకొని, నేను సిద్ధం అని కూర్చుంటుంది. పని పూర్తయ్యేదాకా ఆ కిటికీ మూయొద్దు. పొరపాటున ఎవరూ మూయకుండా మా తమ్ముడు మౌస్ తీసి సొరుగులో పెట్టిండు.

తర్వాత వేరే ల్యాప్‌టాప్ నుంచి రెండు దశల్లో పని జరుగుతుంది. మొదటి దశలో ఒక సర్వర్ మీద కొత్త ఖాళీ వీసెంటర్ లేస్తుంది. మాది చిన్న సంసారం కాబట్టి అన్నిటికన్న చిన్న సైజు, రెండు ప్రాసెసర్లు, 12 జీబీ మెమరీ, సరిపోయింది. దానికి తాత్కాలికంగా వేరే ఐపీ నంబరు ఇస్తాం, కిరాయి ఖోలీలో దిగినట్టు. రెండో దశలో పాతదాని పుస్తకం కొత్తదానికి కాపీ అవుతుంది. ఎంత తేవాలో అక్కడ అడుగుతుంది. అమరికలు మాత్రమేనా, వాటితో పాటు ఎవరు ఎప్పుడు ఏం చేశారనే చరిత్ర కూడానా, ఇంకా పాత పనితీరు గ్రాఫులు కూడానా అని. గ్రాఫులు వద్దనుకున్నం. చరిత్ర మాత్రం తెచ్చుకున్నం. దాంతో సమయం ఎక్కువ పడుతుంది, పట్టనీ అనుకున్నం.

కాపీ అయిపోగానే పాత పెట్టె తనంతట తాను ఆగిపోతుంది. కొత్తది పాతదాని పేరూ ఐపీ నంబరూ తీసుకుంటుంది. సర్వర్లకు, మిగతా సాఫ్ట్‌వేర్లకు జాబరు మారినట్టే తెలియదు, అదే పేరుతో పిలిస్తే పలుకుతాడు.

పాత పెట్టె 11 కు కొద్దిగా ముందు ఆగింది. ఎన్నో ఏండ్లుగా వింటున్న ఫ్యాను చప్పుడు ఆగేసరికి గది ఒక్కసారి ఖాళీ అయినట్టు అనిపించింది. కొత్తది ఇంకా లేవలేదు. ఆ ఘడియలో మా మిల్లుకు జాబరే లేడు. అప్పుడే 11 గంటల షిఫ్టు మారే సమయం. రెండో షిఫ్టు వాళ్లు బయటికి, మూడో షిఫ్టు వాళ్లు లోపలికి, అందరూ గేటు దగ్గర వేలు పెట్టి హాజరీ వేస్తున్నారు. నేను సెక్యూరిటీ దాదాకు ఫోన్ చేసి, పంచ్ పడుతుందా అని అడిగాను.

"పడుతుంది తాయీ. ఎందుకు, పడొద్దా?" అన్నడు.

జాబరు లేకున్నా మగ్గాలు ఆగవని పుస్తకంలో చదవడం వేరు, గేటు దగ్గర వందల మంది వేళ్లు ఒక్కొక్కటే నమోదవుతున్నాయని వినడం వేరు. తమ్ముడు రొట్టె విప్పిండు. అప్పటిదాకా ఇద్దరికీ ఆకలి గుర్తు లేదు.

పన్నెండున్నరకు కొత్తది లేచింది. లోపలికి పోయి కాగితం పక్కన పెట్టుకొని లెక్క సరిచూసినం. సర్వర్లు మూడు, మెషీన్లు 22, కొత్త జాబరుతో కలిపి 23. ఒక మెషీన్‌ను ఈ సర్వర్ మీది నుంచి ఆ సర్వర్ మీదికి మార్చి చూసినం, మారింది. కొత్త లైసెన్స్ నంబరు ఎక్కించినం. పెద్ద వెర్షన్ మారితే పాత లైసెన్స్ పనికిరాదు, 60 రోజుల గడువు మాత్రమే ఇస్తుంది. మర్చిపోతే అరవై ఒకటో రోజు జాబరు చేతులు కట్టుకొని కూర్చుంటాడు.

ఆఖరికి పాత పెట్టె నెట్‌వర్క్ వైరు పీకి, దాని మీద టేపు అంటించి మరాఠీలో, హిందీలో, తెలుగులో రాసినం, దీన్ని ఆన్ చేయొద్దు అని. ఒకే పేరుతో ఇద్దరు జాబర్లు నిలబడితే ఖాతా ఆగమైతది. తెల్లవారి మూడున్నరకు ఇంటికి వచ్చిన.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఇది రాసేదాన్ని కాదేమో.

నాయినకు పొద్దున చెప్పిన, పని అయిపోయింది, ఏమీ ఆగలేదని. ఆయన రేడియో తగ్గించి, "నకలు తీస్తున్నరా?" అని అడిగిండు. తీసినం నాయినా, వలసకు ముందే తీసినం అన్నాను. సోమవారం మళ్లీ అడిగిండు. మంగళవారం మళ్లీ. "ఎన్నిసార్లు చెప్పాలె?" అని విసుక్కున్నాను కూడా. ఆయన మెల్లగా, "పాత జాబరు పోయేముందు తీసిన నకలు గాదు బిడ్డా. కొత్త జాబరు వచ్చినంక తీస్తున్నడా అని అడుగుతున్న" అన్నడు.

బుధవారం ఆఫీసుకు పోగానే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తెరిచి చూసిన. ఆదివారం, సోమవారం, మంగళవారం, మూడు రాత్రుళ్లూ ఎర్ర గీతలే. హాజరీ, పగారు, స్టాకు, దేనికీ కొత్త నకలు లేదు.

కారణం చాలా చిన్నది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రోజూ రాత్రి వీసెంటర్‌ను అడిగి మెషీన్ల నకలు తీస్తుంది. ఎప్పుడో ఎవరో దానికి పాత విండోస్ పెట్టె సొంత ఖాతా ఒకటి ఇచ్చి పెట్టిండ్రు. వలసలో అన్నీ వస్తాయి గాని ఆ విండోస్ పెట్టె సొంత ఖాతాలు మాత్రం రావు. కొత్త ఇల్లు లినక్స్ ఇల్లు, ఆ ఖాతాలకు అక్కడ చోటు లేదు. ఈ సంగతి సూచనల పుస్తకంలో రాసే ఉంది, నేను చదివిన కూడా. కానీ మా బ్యాకప్ ఆ ఖాతాతోనే పోతుందని నా కాగితంలో లేదు. "వీసెంటర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్లు" అనే వరుసలో బ్యాకప్ పేరు రాసిన, అది ఏ పేరు చెప్పి తలుపు తడుతుందో రాయలేదు. లోపం నాదే.

ఫెయిలయితే ఈమెయిల్ రావాలె గదా అంటారు. వచ్చింది, రిటైరైన ఆ పెద్దమనిషి పాత ఆఫీసు అడ్రసుకు.

కొత్త వీసెంటర్‌లో బ్యాకప్ కోసమే ఒక ఖాతా తెరిచి, దానికి కావల్సినంత హక్కు మాత్రమే ఇచ్చి, ఆ రోజే నకలు నడిపించిన. సాయంత్రానికి 23 మెషీన్లకూ పచ్చ గీత పడ్డది. ఊరుకోలేదు. హాజరీ మెషీన్ నకలును పక్కన వేరే పేరుతో, నెట్‌వర్క్ లేకుండా లేపి, తెరిచి, ఆ పొద్దటి షిఫ్టు పంచ్‌లు ఉన్నాయా లేవా కండ్లతో చూసిన. ఉన్నయి. వీసెంటర్ సొంత పుస్తకానికి కూడా రోజూ నకలు పోయేటట్టు పెట్టిన. దానికి 5480 నంబరు తలుపు వెనక ఒక వేరే పేజీ ఉంటుంది, అక్కడ సమయం పెడితే చాలు. ఫెయిలయితే ఈమెయిల్ ఇప్పుడు ముగ్గురికి వస్తుంది.

ఆ మూడు రాత్రుల్లో ఒక డిస్క్ పోయి ఉంటే? పోలేదు. అంతా బాగానే నడిచింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, నాకు కూడా. మగ్గాలు నడుస్తున్నయంటే పుస్తకం రాస్తున్నరని అర్థం కాదు. నాయిన మిల్లులో జరిగింది కూడా అదే. ఆ నాలుగేండ్లు మగ్గం ఒక్క రోజు ఆగలేదు, గుడ్డ బజారుకు పోయింది, పగారు కూడా వచ్చింది. పుస్తకం లేదని తెలిసింది మిల్లు మూతపడ్డాకనే.

ఆ రాత్రి అన్నం తినేటప్పుడు నాయినకు చెప్పిన, నువ్వు అడగకపోతే ఇంకెన్ని రోజులయ్యేదో అని. ఆయన గొప్పగా ఏమీ అనలేదు. "మాది ఎవరూ అడగలే" అన్నడు అంతే.

ఈ పనిలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నది. శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది, ఇప్పుడంతా చందా పద్ధతి. మేం ఎక్కిన 7 వెర్షన్‌కు కూడా 2025 అక్టోబరు 2 తో మామూలు సపోర్టు అయిపోయింది. చిన్న కంపెనీలు కొన్ని ప్రాక్స్‌మాక్స్ వైపు, కొన్ని హైపర్-వి వైపు చూస్తున్నాయి. అంటే మీ చేతికి వలసలు ఇంకా వస్తూనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ ఏదైనా కానీ, పేరు సరిచూడండి, గడియారం కలపండి, తాళంచెవి ఒకరి తలకాయలో కాకుండా బీరువాలో ఉంచండి. ప్రతి సాఫ్ట్‌వేర్ ఏ ఖాతాతో తలుపు తడుతుందో రాసుకోండి. వెనక్కి దారి మూయకండి. పని అయిన మరునాడు పచ్చ గీతలు చూసి ఊరుకోకుండా, నకలు తెరిచి చూడండి.

ఇంట్లో ఉన్న పెద్దలకు కూడా ఒక మాట. 2014 నుంచి పీఎఫ్‌కు యూఏఎన్ నంబరు ఉంది. కొలువు మారినా ఆ నంబరు మారదు. అది ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఇద్దరికి తెలిసే చోట పెట్టండి. దాంట్లో పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో అక్షరం అక్షరం కలుస్తున్నాయా, నామినీ పేరు ఎక్కిందా అని పిల్లలతో చూపించుకోండి. కారఖానా నడుస్తున్నప్పుడే చూసుకోవాలె, మూతపడ్డాక కాదు.

ఇక వదినె అడిగినదానికి జవాబు. మీ పోరడు శనివారం రాత్రి చేసేది జాబరు గది మార్చే పని, వదినె. మగ్గాలు ఆగకుండా, పుస్తకం పోకుండా మార్చాలె. పండుగకు రాలేదని కోపం చేయకండి. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తే తిన్నవా, పన్నవా అని అడిగినంక ఇంకొక్కటి కూడా అడగండి: "కొత్తదాని నకలు తీస్తున్నవా బిడ్డా?" విసుక్కుంటడు. అయినా సోమవారం మళ్లీ అడగండి.